గేమింగ్ మానిటర్ కొనాలి: పెట్టె మీద "1 మిల్లీసెకను" చూసి కొనేయొచ్చా? (విజయనగరం, బడ్జెట్ 15 వేలు)

తోటపాలెం_కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, బీటెక్ మూడో సంవత్సరం. హాల్లో ఉన్న 32 అంగుళాల టీవీకే పీసీ తగిలించి వాలరెంట్ (తుపాకీల పోటీ ఆట) ఆడుతున్నాను. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650. లో సెట్టింగ్స్‌లో సెకనుకి 150 ఫ్రేముల (బొమ్మల) పైనే వస్తున్నాయి, పింగ్ (నెట్ ఆలస్యం) 40-50 మిల్లీసెకన్ల మధ్య ఉంటోంది. అయినా మౌస్ తిప్పితే గురి వెనకబడి వస్తున్నట్టు ఉంటుంది. ఎదుటివాడు గోడ చాటు నుంచి రావడం చూసి నేను నొక్కేసరికే నా పని అయిపోతోంది. కంటోన్మెంట్‌లో మా ఫ్రెండ్ ఇంట్లో వాడి మానిటర్ మీద ఆడితే ఈ బాధ లేదు. మౌస్ నాదే పట్టుకెళ్తాను, చెయ్యీ నాదే.

దసరా ఆఫర్లలో మానిటర్ కొనుక్కోమని ఇంట్లో 15 వేలు ఇస్తామన్నారు. కానీ ఎక్కడ చూసినా "1 మిల్లీసెకను" అనే రాసి ఉంది. తొమ్మిది వేల దానిమీదా అదే, ముప్పై వేల దానిమీదా అదే. అంటే ఇన్‌పుట్ ల్యాగ్ (బొమ్మ తెర మీదకి రావడంలో ఆలస్యం) అన్నింటికీ ఒకటేనా? ఒక షాపులో 27 అంగుళాల కర్వ్‌డ్ వీఏ (ఒక రకం ప్యానెల్) మానిటర్ చూపించారు, బొమ్మ చాలా బాగుంది. తీసేసుకోనా?

ఏడురోడ్ల_స్నైపర్

ఆగు తమ్ముడూ, తొందరపడకు. ముందు ఆ టీవీలో గేమ్ మోడ్ పెట్టావా లేదా చెప్పు.

తోటపాలెం_కుర్రాడు

అలాంటిదేమీ కనబడలేదన్నా. పిక్చర్ మోడ్‌లో స్టాండర్డ్, వివిడ్, మూవీ, స్పోర్ట్స్ ఉన్నాయి. స్పోర్ట్స్ పెట్టి ఆడుతున్నాను.

బొబ్బిలి_వీణ

తమ్ముడూ, పెట్టె మీద ఉన్న ఆ 1 మిల్లీసెకనుకీ ఇన్‌పుట్ ల్యాగ్‌కీ సంబంధం లేదు. అది రెస్పాన్స్ టైమ్. ఒక పిక్సెల్ ఒక ఛాయ నుంచి ఇంకో ఛాయకి మారడానికి పట్టే సమయం. అది కూడా ఓవర్‌డ్రైవ్ (పిక్సెల్‌ని వేగంగా మార్చే సెట్టింగ్) పూర్తిగా పెంచేసి, అన్నింటికన్నా వేగంగా జరిగే మార్పు ఏదో చూసి దాన్నే కొలిచి వేసిన అంకె. కొన్నింటి మీద చిన్న అక్షరాల్లో ఎంపీఆర్‌టీ అని ఉంటుంది. అది బ్యాక్‌లైట్‌ని ఆర్పి వెలిగిస్తూ తెచ్చిన అంకె, దాని లెక్క పూర్తిగా వేరు.

ఇన్‌పుట్ ల్యాగ్ అంటే కేబుల్లోంచి సిగ్నల్ వచ్చిన క్షణం నుంచి తెర మీద ఆ బొమ్మ మొదలయ్యేదాకా పట్టే సమయం. హోటల్లో మన ఆర్డరు వంటింటికి చేరడానికి పట్టే సమయం ల్యాగ్ అనుకుంటే, పెనం మీద అట్టు కాలడానికి పట్టే సమయం రెస్పాన్స్ టైమ్. పెట్టె మీద కంపెనీలు అట్టు సంగతే రాస్తాయి. ఆర్డరు సంగతి దాదాపు ఏ కంపెనీ రాయదు. అందుకే ఆర్టింగ్స్ లాంటి సైట్లు మోడల్ వారీగా సొంతంగా కొలిచి పెడతాయి. నువ్వు చూసిన మోడల్ పేరు అక్కడ వెతికితే రెండు అంకెలూ విడివిడిగా కనబడతాయి.

టీవీలో ల్యాగ్ ఎందుకు ఎక్కువంటే, వచ్చిన ఫ్రేముని అది వచ్చినట్టు చూపించదు. మచ్చలు తీస్తుంది, అంచులకి పదును పెడుతుంది, రంగులు పెంచుతుంది, కదలిక నున్నగా కనబడాలని రెండు ఫ్రేముల మధ్య ఇంకోటి కల్పిస్తుంది. కల్పించాలంటే తర్వాతి ఫ్రేము చేతికొచ్చేదాకా ముందుదాన్ని ఆపి ఉంచాలి కదా, అక్కడే ఆలస్యం మొదలు. ఇవన్నీ ఆన్‌లో ఉంటే 50 నుంచి 100 మిల్లీసెకన్లు మామూలే, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. గేమ్ మోడ్ ఈ పనులన్నీ పక్కన పెట్టేస్తుంది. మంచి టీవీలైతే అప్పుడు 10-15కి దిగుతాయి.

ఇంకొకటి రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నది. 60 హెర్ట్జ్ తెరకి ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. 144కి 6.9, 165కి 6.1, 240కి 4.2. తెర పైనుంచి కిందికి వరుస వరుసగా గీస్తుంది. కాబట్టి 60 హెర్ట్జ్‌లో తెర మధ్యకి వచ్చేసరికే 8 మిల్లీసెకన్లు దాటిపోతాయి. నీ క్రాస్‌హెయిర్ (గురి గుర్తు) ఉండేది ఆ మధ్యలోనే. నీ పీసీ 150 ఫ్రేములు ఇస్తున్నా టీవీ చూపించేవి 60 మాత్రమే.

నాగావళి_గట్టు

నాకు ఇందులో సగం కంపెనీల వ్యాపారమే అనిపిస్తుంది. కంటికి కనబడి చెయ్యి కదలడానికే ఎవరికైనా 200 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో పదో ఇరవయ్యో అటూ ఇటూ అయితే ఎవరికి తెలుస్తుంది? ఆ 15 వేలు దాచుకుని రోజూ ఓ గంట ఎయిమ్ ప్రాక్టీస్ చేస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఏడురోడ్ల_స్నైపర్

@నాగావళి_గట్టు ప్రాక్టీస్ మాట కాదనను బావా. కానీ ఆ 200 నీకూ ఉంది, ఎదుటివాడికీ ఉంది. అటూ ఇటూ చెల్లుకు చెల్లు. ఆ తర్వాత మిగిలేది తెర తేడా ఒక్కటే. ఇద్దరూ ఒకే మూలలో ఒకేసారి ఎదురుపడ్డారనుకో. వాడి తెర మీద నువ్వు 10 మిల్లీసెకన్లలో కనబడ్డావు, నీ తెర మీద వాడు 80లో కనబడ్డాడు. నీ చెయ్యి వాడికన్నా చురుకైనదైనా ఆ 70 ఎక్కడ పూడ్చుతావు?

బొబ్బిలి_వీణ

దానికి తోడు ఇంకో సంగతుంది. కనబడగానే నొక్కడం ఒక్కటే ఆట కాదు. గురి తిప్పుతూ, ఎక్కడికొచ్చిందో చూసుకుంటూ, సరిచేసుకుంటూ ఉంటాం. కన్నూ చెయ్యీ ఒకదాన్నొకటి చూసుకుంటూ చేసే పని ఇది. మధ్యలో ఆలస్యం చొరబడితే గురి మనిషిని దాటిపోతుంది, వెనక్కి తేవాలి, అది ఇటు దాటిపోతుంది. కుర్రాడు "వెనకబడి వస్తున్నట్టు" అన్నది ఇదే. దీనికి రియాక్షన్ టైమ్ లెక్క సరిపోదు. మౌస్ కదిలిన ప్రతిసారీ ఈ ఆలస్యం పని చేస్తూనే ఉంటుంది.

నాగావళి_గట్టు

ఈ రెండో మాట సబబుగా ఉంది మేడమ్. టీవీ నుంచి మానిటర్‌కి మారమంటే నేనూ సరే అంటాను. కానీ 144 నుంచి 240కి వెళ్లడానికి అంత డబ్బు పోయడం మాత్రం ఒప్పుకోను. మీ లెక్కల ప్రకారమే 60 నుంచి 144కి వెళ్తే ఫ్రేముకి దాదాపు 10 మిల్లీసెకన్లు మిగులుతాయి. 144 నుంచి 240కి వెళ్తే మూడు కూడా మిగలవు. మధ్యతరగతి కుర్రాడికి మొదటి మెట్టు చాలు.

బొబ్బిలి_వీణ

అవును, ఈ బడ్జెట్‌కి నా మాటా అదే.

సిక్కోలు_సెంటర్

శ్రీకాకుళంలో చిన్న గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. రోజూ ఈ తెరల మధ్యే ఉంటాను కాబట్టి పుస్తకంలో లేని నాలుగు ముక్కలు చెబుతాను.

మా దగ్గర అన్నీ 24 అంగుళాల 1080పీ (1920×1080 పిక్సెల్స్) ఐపీఎస్ (ఇంకో రకం ప్యానెల్) మానిటర్లే. 27 పెట్టమని పిల్లలు అడిగారు, నేను పెట్టలేదు. టేబుల్ దగ్గర కూర్చుని ఆడే దూరానికి 24 అయితే మినీమ్యాపూ, బుల్లెట్ల లెక్కా, మధ్యలో గురీ అన్నీ తల తిప్పకుండా ఒక్క చూపులో పడతాయి. పైగా 1080పీని 27కి సాగదీస్తే దూరంగా ఉన్న మనిషి తల గరుకుగా కనబడుతుంది. అంగుళానికి 92 పిక్సెల్స్ ఉన్నది 82కి పడిపోతుంది మరి.

కొత్త కుర్రాళ్లు "అన్నా, మా ఇంట్లో 165 హెర్ట్జ్ మానిటరే ఉంది, కానీ ఇక్కడున్నంత స్మూత్‌గా లేదు" అంటుంటారు. ఫోన్‌లో వాళ్ల సెట్టింగ్స్ ఫొటో పెట్టించి చూస్తే, ఎక్కువ మందికి విండోస్ 60 మీదే ఉంటుంది. మానిటర్ కొని కేబుల్ తగిలించగానే దానంతట అది 165కి మారుతుందని అనుకుంటారు. చాలాసార్లు మారదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే, అక్కడ రిఫ్రెష్ రేటు మనమే ఎంచుకోవాలి. డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక ఇంకోసారి చూసుకోవాలి. ఆటలో ఫుల్‌స్క్రీన్ పెట్టాక అక్కడి సెట్టింగ్ కూడా చూడాలి, కొన్ని ఆటలు తమ లెక్క తాము పెట్టుకుంటాయి.

కరెంటు సంగతి కూడా మన జిల్లాల్లో వదిలేయకూడదు. ఎండాకాలం వోల్టేజీ పడి లేస్తుంటుంది, గాలివాన వస్తే చెప్పక్కర్లేదు. నాలుగు వేలు పెట్టి యూపీఎస్ తీసుకోండి. మానిటర్ కన్నా ముందు పీసీ బతుకుతుంది, ర్యాంక్డ్ మ్యాచ్ మధ్యలో పోకుండా ఉంటుంది.

పాతటీవీ_మెకానిక్

మీ మాటల్లో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఆటలు ఆడను, విజయనగరంలో ముప్పై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. మా రోజుల్లో డబ్బా టీవీకి వీడియో గేమ్ తగిలించి అద్దెకిచ్చే షాపులుండేవి. ఆ పిక్చర్ ట్యూబులో ఫ్రేముని దాచుకునే జాగాయే లేదు. సిగ్నల్ వచ్చింది వచ్చినట్టు ఎలక్ట్రాన్ గన్‌కి వెళ్లిపోయేది, గీత గీతకీ అప్పటికప్పుడే తెర మీద వెలుగు. ఇప్పటి టీవీలో మెయిన్ బోర్డు మీద ప్రాసెసరూ, మెమరీ ఉంటాయి. ఫ్రేము మొత్తం లోపల పెట్టుకుని, దాని మీద పని చేసి, అప్పుడు ప్యానెల్‌కి పంపుతుంది. మేడమ్ గారు చెప్పిన ఆలస్యం అంతా ఆ బోర్డు మీదే. ప్యానెల్ దోషం కాదు.

బాబూ, నీ టీవీలో గేమ్ మోడ్ లేకపోతే ఇలా చూడు. రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ నొక్కి, నీ హెచ్‌డీఎంఐ మీద ఉంచి, ఆ ఇన్‌పుట్ పేరు మార్చే వీలుందేమో చూడు. లిస్టులో "పీసీ" ఉంటే అది పెట్టు. చాలా టీవీల్లో పేరు పీసీ అని మార్చగానే బోర్డు ఆ మెరుగులు దిద్దే పనులు చాలావరకు మానేస్తుంది. అక్షరాలు కూడా స్పష్టంగా వస్తాయి. ఆ స్పోర్ట్స్ మోడ్ మాత్రం తీసెయ్. క్రికెట్ బంతి నున్నగా కదలాలని మధ్య ఫ్రేములు కల్పించేది ఎక్కువగా దాంట్లోనే.

తోటపాలెం_కుర్రాడు

మాస్టారూ, నిజంగానే పేరు మార్చే ఆప్షన్ ఉంది! పీసీ పెట్టగానే బొమ్మ కాస్త వెలిసినట్టు అయ్యింది, కానీ మౌస్ తేలికైంది. ఇది నా భ్రమా, నిజమా తెలుసుకోవడం ఎలా?

బొబ్బిలి_వీణ

కొలిచి చూసుకో. నీ ఫోన్‌లో స్లో మోషన్ 240 ఫ్రేముల వీడియో ఉంటే చాలు.

మౌస్‌ని టీవీ ముందుకి తెచ్చి పెట్టు. ఫోన్‌ని పుస్తకాల దొంతరకి ఆనించి కదలకుండా నిలబెట్టు. ఒకే ఫ్రేములో నీ వేలూ, మౌస్ బటనూ, తెర మధ్యభాగం మూడూ కనబడాలి. వాలరెంట్‌లో ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్లి గోడ వైపు తిరిగి, స్లో మోషన్ ఆన్ చేసి, ఒక్కో క్లిక్‌కి మధ్య కాస్త ఆగుతూ కాల్చు. తర్వాత ఆ వీడియోని కంప్యూటర్‌లో వేసుకుని ఫ్రేము ఫ్రేముగా జరుపు. వీఎల్‌సీలో "ఇ" మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకెళ్తుంది. బటన్ పూర్తిగా కిందికి దిగిన ఫ్రేము నుంచి తుపాకీ మొన దగ్గర మెరుపు మొదటిసారి కనబడిన ఫ్రేము దాకా లెక్కపెట్టు. ఒక్కో ఫ్రేముకి 4.2 మిల్లీసెకన్లు.

ఒక్క క్లిక్ చూసి తీర్పు ఇవ్వకు. నువ్వు నొక్కిన క్షణానికి తెర ఎక్కడ గీస్తోందన్నదాన్ని బట్టి అంకె అటూ ఇటూ ఊగుతుంది. కొన్ని క్లిక్కుల సగటు తీసుకో. వచ్చే అంకెలో మౌస్, పీసీ, ఆట, డిస్‌ప్లే అన్నీ కలిసే ఉంటాయి. కాబట్టి ఇది టీవీ ల్యాగ్ కాదు, మొత్తం ఆలస్యం. మిగతావేవీ ముట్టుకోకుండా టీవీ మోడ్ ఒక్కటే మారిస్తే, రెండు సగటుల మధ్య తేడా మాత్రం టీవీదే. ఫోన్‌లో 960 అని ఉంటే నమ్మకు, చాలా ఫోన్లలో అది కల్పించిన ఫ్రేములతో నింపిందే. 240 పెట్టుకో.

తోటపాలెం_కుర్రాడు

చేశాను అక్కా. స్పోర్ట్స్ మోడ్‌లో సగటున 34 ఫ్రేములు. పీసీ పేరు పెట్టాక 21. నిన్న సాయంత్రం ఫోనూ, పీసీ కేబినెట్టూ ఫ్రెండ్ ఇంటికి పట్టుకెళ్లి వాడి 144 హెర్ట్జ్ మానిటర్ మీద కూడా తీశాను. 7 వచ్చింది. అంటే 142, 88, 29 మిల్లీసెకన్లు. వీడియో ఆపి చూస్తుంటే టీవీ మీద నా వేలు నొక్కి, పైకి లేచి కూడా, ఇంకా మెరుపు రాలేదు. మా నాన్నగారికి చూపించాను. "సరే, కొనుక్కో" అన్నారు.

ఏడురోడ్ల_స్నైపర్

ఇంక వాదన అక్కర్లేదు. అంకెలు చెప్పేశాయి.

పలాస_జీడిపప్పు

ఆ కర్వ్‌డ్ వీఏ గురించి ఎవరూ చెప్పలేదు. నేను వీఏ వాడుతున్నాను కాబట్టి చెబుతాను. సినిమాలకి దానికి సాటి లేదు. నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. ఐపీఎస్ కాంట్రాస్ట్ 1000కి 1 ఉంటే వీఏది 3000కి 1 దాకా వెళ్తుంది. ఇన్‌పుట్ ల్యాగ్ కూడా తక్కువే ఉండొచ్చు, ప్యానెల్ రకానికీ ల్యాగ్‌కీ ముడి లేదు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ముదురు ఛాయ నుంచి ఇంకో ముదురు ఛాయకి మారేటప్పుడు ధర తక్కువ వీఏల్లో పిక్సెల్స్ చాలా మెల్లగా కదులుతాయి. చీకటి మూలలో మనిషి పరిగెత్తితే వెనక నల్లటి తోక ఈడ్చుకుంటూ వస్తుంది. సీఎస్ 2 (కౌంటర్ స్ట్రైక్ 2)లో సొరంగంలోకి దిగినప్పుడు నాకు స్పష్టంగా కనబడుతుంది. ఖరీదైన వీఏల్లో ఈ జబ్బు బాగా తగ్గించారు గానీ, అవి 15 వేలకి రావు.

షాపువాళ్లు కదలని బొమ్మ పెట్టి చూపిస్తారు కాబట్టి ఇది అక్కడ బయటపడదు. షాపులో నెట్ ఉంటే యూఎఫ్ఓ టెస్ట్ సైట్ తెరవమని అడుగు. బ్యాక్‌గ్రౌండ్ ముదురుగా మార్చి ఆ ఎగిరే పళ్లెం వెనక తోక చూడు. మొహమాటపడకు, డబ్బు మనది.

బొబ్బిలి_వీణ

బాగా చెప్పారు. దానికి నేను చేర్చేది ఓవర్‌డ్రైవ్ గురించి. మానిటర్ మెనూలో రెస్పాన్స్ టైమ్ అనో, ఓవర్‌డ్రైవ్ అనో మూడు నాలుగు మెట్లు ఉంటాయి. ఆఖరి మెట్టు పెడితే పెట్టె మీది అంకె వస్తుందేమో గానీ, కదిలే వస్తువు చుట్టూ తెల్లటి అంచు మొలుస్తుంది. పిక్సెల్ చేరాల్సిన ఛాయని దాటిపోయి వెనక్కి రావడం వల్ల వచ్చేది అది. ఎక్కువ మానిటర్లలో మధ్య మెట్టే మేలు. ఇది మార్చినందువల్ల ఇన్‌పుట్ ల్యాగ్ ఏమీ మారదు, తెర శుభ్రత మారుతుందంతే.

రాజాం_నివాసి

నమస్కారమండీ. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. 240 హెర్ట్జ్ మానిటర్ కావాలని పట్టుబడుతున్నాడు. ప్రొఫెషనల్ ఆటగాళ్లందరూ అదే వాడతారంటున్నాడు. నాకు ఇవేవీ తెలియవు, ఈ చర్చ మొత్తం చదివాను. నిజంగా అవసరమా? ల్యాప్‌టాప్‌లో ఆడతాడు, దాని తెర మామూలుదే. కార్డు ఆర్‌టీఎక్స్ 2050 అని స్టిక్కర్ ఉంది.

సిక్కోలు_సెంటర్

సార్, మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. సీఎస్ పెద్ద టోర్నమెంట్లలో 240 హెర్ట్జ్, అంతకన్నా ఎక్కువ రేటున్న బెన్‌క్యూ జోవీ లాంటి తెరలు వాడతారు. ఆ పిల్లలకి అదే బతుకుతెరువు, ప్రతి మిల్లీసెకనుకీ విలువుంటుంది. కానీ 240 హెర్ట్జ్ తెర కొంటే దానికి సెకనుకి 240 ఫ్రేములు పంపే కార్డు కూడా ఉండాలి. ఆ ల్యాప్‌టాప్ కార్డు వాలరెంట్‌లో బాగానే ఇస్తుంది, బరువైన ఆటల్లో వంద దాటడమే గగనం. ఇప్పటికి 165 లేదా 180 హెర్ట్జ్ చాలు. మిగిలిన డబ్బు చదువుకి అక్కరకొస్తుంది.

ఒక్కటి అడిగి కనుక్కోండి. ఆ ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ ఏ వెర్షన్‌దో, టైప్-సీ పోర్టు నుంచి డిస్‌ప్లే వస్తుందో లేదో చూడమనండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయటి తెరకి వెళ్లే దారి కూడా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదుగానే ఉంటుంది. అలా ఉంటే ఫ్రేము ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కి కాపీ అయి వెళ్లాలి, అక్కడ కాస్త ఆలస్యం. మక్స్ స్విచ్ (తెరని నేరుగా గ్రాఫిక్స్ కార్డుకి కలిపేది) ఉంటే ఆ బాధ తప్పుతుంది.

రాజాం_నివాసి

ధన్యవాదాలండీ. వాడికి ఇదే చదివి వినిపిస్తాను. ఇంటర్ పరీక్షలు అయ్యాక కొనిపెడతానని మాటిచ్చాను.

నాగావళి_గట్టు

ఎక్కడ కొనాలో కూడా ఎవరైనా చెప్పండి. విజయనగరంలో మోడల్స్ తక్కువ దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో కొంటే తెర మీద చుక్క ఉంటే ఏం చెయ్యాలి?

పలాస_జీడిపప్పు

నేను ఆన్‌లైన్‌లో కొన్నదానికి మూలలో ఎర్రచుక్క వచ్చింది. అమ్మిన సైటువాళ్లు "ఒక్క చుక్కకి మార్చం, కంపెనీని అడగండి" అన్నారు. కంపెనీవాళ్లు ఇన్ని చుక్కలుంటేనే లోపం కింద లెక్క అన్నారు. ఆ షరతు ముందే చదవాలని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కాబట్టి కొనేముందు డెడ్ పిక్సెల్ షరతూ, సైటులో రిటర్న్ ఎన్ని రోజులో, డబ్బు వాపసు ఇస్తారా లేక మార్చి మాత్రమే ఇస్తారా అన్నదీ చూడు. పెట్టె విప్పేటప్పుడు ఒకే టేక్‌లో వీడియో తీసుకో.

సర్వీస్ సెంటర్ ఎక్కువ కంపెనీలకి విశాఖలోనే. ఇంటికొచ్చి తీసుకెళ్తారా, మనమే మోసుకెళ్లాలా అన్నది మన పిన్‌కోడ్ చెప్పి కస్టమర్ కేర్‌ని అడగండి. పలాస నుంచి మానిటర్ పెట్టె ఒళ్లో పెట్టుకుని రైల్లో విశాఖ వెళ్లడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు.

ఏడురోడ్ల_స్నైపర్

విశాఖలో డాబా గార్డెన్స్ వైపు కంప్యూటర్ షాపుల్లో తెర ఆన్ చేయించి చూసి కొనొచ్చు. విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లే కదా, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ధర ఆన్‌లైన్ కన్నా ఐదొందలు ఎక్కువైనా, చుక్క ఉంటే అక్కడికక్కడే మార్పించుకోవచ్చు.

తోటపాలెం_కుర్రాడు

కొనేశాను! 24 అంగుళాలు, 180 హెర్ట్జ్, ఐపీఎస్, మూడేళ్ల వారంటీ. పన్నెండు వేల లోపే వచ్చింది. నాన్నగారు కూడా వచ్చారు, షాపులోనే తెల్లతెర, నల్లతెర, ఎర్రతెర పెట్టించి చుక్కల కోసం వెతికాం. ఇంటికొచ్చి తగిలిస్తే విండోస్‌లో 120 దాకానే కనబడుతోంది, 180 లేదు. ఎందుకు?

బొబ్బిలి_వీణ

హెచ్‌డీఎంఐతో తగిలించావా?

తోటపాలెం_కుర్రాడు

అవునక్కా, టీవీకి వాడిన పాత కేబులే.

బొబ్బిలి_వీణ

మానిటర్ వెనక డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. ఒక మూల కోసేసినట్టు ఉండే పోర్టు అది. నీ కార్డుకి కూడా ఒకటి ఉండాలి. పెట్టెలో ఆ కేబుల్ ఇచ్చి ఉంటే అది తగిలించు. బడ్జెట్ మానిటర్లలో హెచ్‌డీఎంఐ పోర్టుకి తక్కువ పరిమితి పెట్టి, పూర్తి రేటు డిస్‌ప్లేపోర్ట్‌లోనే ఇవ్వడం మామూలే. తగిలించేటప్పుడు కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే పెట్టు. తీసేటప్పుడు తలకాయ మీదున్న చిన్న బటన్ నొక్కి తియ్యి, లాగేస్తే పోర్టు ఊడొస్తుంది.

తోటపాలెం_కుర్రాడు

180 వచ్చింది! ఫోన్‌తో కొలిస్తే 6 ఫ్రేములు. ఇంక ఆటలో ఏం మార్చాలి?

ఏడురోడ్ల_స్నైపర్

వాలరెంట్‌లో వీ-సింక్ ఆఫ్. ఎన్విడియా రిఫ్లెక్స్ (ఆలస్యం తగ్గించే ఆప్షన్) ఆన్. వీ-సింక్ తెర చిరిగినట్టు కనబడకుండా ఫ్రేముల్ని క్యూలో నిలబెడుతుంది, ఆ క్యూ అంతా నీ ఆలస్యమే. చిరుగు మరీ ఇబ్బందిగా ఉంటే జీ-సింక్ కంపాటిబుల్ (తెర రేటుని ఫ్రేములకి తగ్గట్టు మార్చేది) ఆన్ చేసి, ఫ్రేములకి 180 కన్నా మూడు నాలుగు తక్కువగా పరిమితి పెట్టు. ఫ్రేము రేటు మానిటర్ పరిధి లోపల ఉన్నంతసేపూ ఆ క్యూ ఏర్పడదు.

బరువైన ఆటల్లో ఫ్రేమ్ జనరేషన్ అనే ఆప్షన్ ఉంటుంది, 2022 నుంచి వచ్చింది. ఎన్విడియా ఇచ్చేది నీ కార్డుకి అందదు గానీ, రేపు కార్డు మార్చినా పోటీ ఆటల్లో పెట్టకు. కల్పించిన ఫ్రేములతో అంకె పెరుగుతుంది, దానితోపాటు ఆలస్యమూ పెరుగుతుంది.

సిక్కోలు_సెంటర్

ఏఎండీ కార్డులున్నవాళ్లకి ఒక మాట. 2023లో యాంటీ-ల్యాగ్ ప్లస్ అని డ్రైవర్‌లో ఇచ్చారు. అది ఆట కోడ్‌లో వేలు పెట్టడంతో సీఎస్ 2లో దాన్ని ఆన్ చేసినవాళ్లకి వ్యాక్ (ఆటలో మోసం పట్టే వ్యవస్థ) బ్యాన్లు పడ్డాయి. ఏఎండీ దాన్ని వెనక్కి తీసుకుంది, తర్వాత ఆట తయారీదారులతో కలిసి యాంటీ-ల్యాగ్ 2 తెచ్చింది. ల్యాగ్ తగ్గిస్తామని చెప్పే గుర్తుతెలియని సాఫ్ట్‌వేర్లు ఎక్కడ పడితే అక్కడ దించుకోకండి. అకౌంట్ పోతే తిరిగి రావడం కష్టం.

తెల్లపులి_టెక్కలి

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. నాది పీసీ కాదు, పీఎస్ 4. టెక్కెన్ 7 ఆడతాను. కన్సోల్ 60 ఫ్రేములే ఇస్తుంది కదా, మరి నేను 180 హెర్ట్జ్ మానిటర్ కొంటే లాభం ఉందా? వచ్చే ఏడాది పీఎస్ 5 తీసుకోవాలని కూడా ఉంది.

బొబ్బిలి_వీణ

టీవీ నుంచి మారితే లాభమే. టెక్కెన్ సెకనుకి 60 ఫ్రేముల లెక్క మీదే నడుస్తుంది. 20 ఫ్రేముల్లో వచ్చే లో కిక్ అంటే 333 మిల్లీసెకన్లు. అందులో చూసి, గుర్తుపట్టి, కింద బ్లాక్ చెయ్యాలి. టీవీ 50 మిల్లీసెకన్లు మింగితే మూడు ఫ్రేములు పోయినట్టే, మీకు మిగిలేది 17.

అయితే మీరు చూడాల్సిన అంకె వేరు. రివ్యూల్లో ల్యాగ్‌ని గరిష్ఠ రిఫ్రెష్ రేటు దగ్గర ఒకటి, 60 హెర్ట్జ్ దగ్గర ఒకటి విడిగా ఇస్తారు. మీకు కావాల్సింది 60 దగ్గరది. కొన్ని హై రిఫ్రెష్ మానిటర్లు 60 హెర్ట్జ్ సిగ్నల్ వస్తే నేరుగా గీయవు. ఫ్రేము చాలావరకు లోపలికి వచ్చేదాకా ఆగి, తర్వాత తమ వేగంతో ఒక్కసారిగా గీస్తాయి. వాటిలో 180 దగ్గర 4 మిల్లీసెకన్లు ఉన్నది 60 దగ్గర ఇరవై దాటొచ్చు. 60 దగ్గర 10 చుట్టుపక్కల ఉన్నది ఎంచుకోండి.

పీఎస్ 5కి వచ్చేసరికి, హెచ్‌డీఎంఐ 2.0 ఉన్నా 1080పీ 120 హెర్ట్జ్ తీసుకుంటుంది. 1440పీ కూడా 2022 సెప్టెంబర్ అప్‌డేట్ నుంచి ఇస్తోంది. వీఆర్ఆర్ (ఫ్రేములకి తగ్గట్టు తెర రేటు మారడం) మాత్రం హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న తెరకే ఇస్తుంది, పెట్టె మీద ఫ్రీసింక్ అని ఉన్నా దానికి పనికిరాదు. టెక్కెన్ ఎలాగూ నిలకడగా 60 మీదే ఉంటుంది కాబట్టి వీఆర్ఆర్ కోసం ఎక్కువ పెట్టొద్దు. స్ట్రీట్ ఫైటర్ 6 కూడా ఆడేటట్టయితే 120 హెర్ట్జ్ తెర తప్పకుండా పనికొస్తుంది. దాని సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ డిలే తగ్గించే ఆప్షన్ ఉంది, అది 120 హెర్ట్జ్ తెర ఉంటేనే పనిచేస్తుంది.

తెల్లపులి_టెక్కలి

అర్థమైంది మేడమ్. మానిటర్‌కి స్పీకర్లు లేకపోతే పీఎస్ 4 సౌండ్ ఎలా?

పాతటీవీ_మెకానిక్

మానిటర్ వెనక హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటుంది బాబూ, హెచ్‌డీఎంఐలో వచ్చిన సౌండ్ అందులోంచి బయటికొస్తుంది. లేకపోతే కంట్రోలర్ కిందనే 3.5 జాక్ ఉంది, ఇయర్‌ఫోన్ అక్కడ పెట్టు. బ్లూటూత్ స్పీకర్ మాత్రం వద్దు, దెబ్బ తగిలాక శబ్దం వినబడుతుంది.